వర్డ్‌ప్రెస్ డేటాబేస్ బరువు దించడం: డబ్ల్యూపీ-సీఎల్‌ఐతో కొలత నుంచి క్రాన్ దాకా

వర్డ్‌ప్రెస్ సైట్ మందగించిందనగానే చాలామంది డేటాబేస్‌ను శుభ్రం చేసే ప్లగిన్ ఒకటి వెతికి వేసుకుంటారు. శుభ్రం చేయడానికి వచ్చిన ఆ ప్లగిన్ కూడా ఆప్షన్స్ టేబుల్‌లో తన సెట్టింగులు నింపుతుంది. కొన్నయితే లాగ్ కోసమని సొంత టేబుల్ కూడా తెరుస్తాయి. పైగా బ్రౌజర్‌లో బటన్ నొక్కి చేయించే పనికి పీహెచ్‌పీ గడువు ఉంటుంది, మామూలుగా 30 సెకన్లు. లక్ష రివిజన్లు (పోస్టుల పాత కాపీలు) తీసేయమంటే మధ్యలో ఆగిపోయి తెల్ల పేజీ చూపిస్తుంది. ఎన్ని పోయాయో, ఎన్ని మిగిలాయో తెలియదు. టెర్మినల్‌లో నడిచే పీహెచ్‌పీకి ఆ గడువు ఉండదు. అందుకే ఈ పనికి ప్లగిన్ కన్నా డబ్ల్యూపీ-సీఎల్‌ఐ మేలు. ఇది వర్డ్‌ప్రెస్‌ను కమాండ్ లైన్ నుంచి నడిపే ఉచిత సాధనం. చాలా హోస్టింగ్ సంస్థలు ముందే పెట్టి ఇస్తాయి.

ఇక్కడ కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే, పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట చెబుతాను. చిన్న గీతలు, కింది గీతలు, సమానం గుర్తులు, నిలువు గీత, కుండలీకరణాలు ఎలా కనిపిస్తే అలాగే కొట్టాలి. ప్రతి కమాండ్ మొదట్లో వచ్చే డబ్ల్యూపీ అంటే ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలే. ఏ కమాండ్ మీద సందేహం వచ్చినా దాని ముందు హెల్ప్ చేర్చండి: డబ్ల్యూపీ హెల్ప్ డీబీ సైజ్ అంటే ఆ కమాండ్ ఒప్పుకునే ఆప్షన్లన్నీ స్పెల్లింగ్‌తో సహా తెర మీదికి వస్తాయి.

1. సరైన సైట్‌లోనే ఉన్నారా?

ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంలోని సర్వర్‌ను టెర్మినల్ నుంచి నడిపే మార్గం) సర్వర్‌లోకి వెళ్లి, వర్డ్‌ప్రెస్ ఉన్న ఫోల్డర్‌లోకి మారండి. సాధనం ఉందో లేదో చూడటానికి:

డబ్ల్యూపీ --ఇన్ఫో

పీహెచ్‌పీ వెర్షన్, సాధనం వెర్షన్ కనిపిస్తే ఉన్నట్టే. లేకపోతే దాని అధికారిక సైట్ నుంచి ఫార్ ఫైల్ దించుకుని, నడిపే అనుమతి ఇచ్చి, /యూఎస్ఆర్/లోకల్/బిన్ ఫోల్డర్‌లో డబ్ల్యూపీ అన్న పేరుతో పెట్టుకోవాలి. పాత వెర్షన్ ఉంటే డబ్ల్యూపీ సీఎల్ఐ అప్‌డేట్ కొట్టండి. ఈ అప్‌డేట్ ఎందుకు అవసరమో ఆటోలోడ్ దగ్గర తెలుస్తుంది.

తర్వాత ఈ రెండూ:

డబ్ల్యూపీ ఆప్షన్ గెట్ సైట్‌యూఆర్ఎల్
డబ్ల్యూపీ డీబీ ప్రిఫిక్స్

మొదటిది సైట్ అడ్రస్ చెబుతుంది. ఒకే సర్వర్‌లో అసలు సైట్, పరీక్ష సైట్ పక్కపక్క ఫోల్డర్లలో ఉన్నప్పుడు దీన్ని దాటవేయకండి. రెండోది టేబుల్ పేర్ల ముందుండే మాట చెబుతుంది. అది డబ్ల్యూపీ_ అనే ఉండాలని లేదు.

సర్వర్ మీద పూర్తి అధికారం ఉండే రూట్ యూజర్‌గా నడిపితే సాధనం ఒప్పుకోదు, హెచ్చరించి ఆగిపోతుంది. --అలౌ-రూట్ అని చేర్చి ఆ హెచ్చరికను దాటేయడం సులువే కానీ, అలా చేస్తే సైట్‌లోని ప్రతి ప్లగిన్ కోడూ రూట్ అధికారంతో నడుస్తుంది. ఉబుంటు సర్వర్లలో వెబ్ సర్వర్ యూజర్ పేరు సాధారణంగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. సుడో -యూ తర్వాత ఆ పేరు రాసి కమాండ్ నడపండి.

2. ముందు కొలవండి

ఏ టేబుల్ ఎంత ఉందో తెలియకుండా దేన్నీ ముట్టుకోకండి.

డబ్ల్యూపీ డీబీ సైజ్ --టేబుల్స్ --ఆల్-టేబుల్స్-విత్-ప్రిఫిక్స్ --హ్యూమన్-రీడబుల్

ఇందులో --ఆల్-టేబుల్స్-విత్-ప్రిఫిక్స్ అన్న ముక్క ముఖ్యం. అది లేకపోతే వర్డ్‌ప్రెస్ తనవిగా నమోదు చేసుకున్న టేబుల్సే కనిపిస్తాయి, ప్లగిన్లు తెరిచినవి చాలావరకు కనిపించవు. అసలు బరువు తరచూ అక్కడే ఉంటుంది. సందర్శకులను లెక్కపెట్టే ప్లగిన్, లాగిన్ ప్రయత్నాలను రాసుకునే సెక్యూరిటీ ప్లగిన్, పంపిన ప్రతి మెయిల్‌నూ దాచుకునే ప్లగిన్, వీటి టేబుల్స్ ఏళ్ల తరబడి పెరుగుతూ పోతాయి. అలాంటి చోట రివిజన్లు తీసేసినా ఫలితం అంతంతమాత్రమే. ఆ ప్లగిన్ సెట్టింగుల్లో లాగ్ ఎన్ని రోజులు ఉంచాలో చెప్పడమే అసలు మందు.

జాబితాలో పైన నిలిచే రెండు మూడు పేర్లు రాసి పెట్టుకోండి. నా అనుభవంలో అవి దాదాపు ఎప్పుడూ వీటిలోవే: పోస్ట్స్, పోస్ట్‌మెటా (పోస్టుల అదనపు వివరాలు), ఆప్షన్స్, లేదంటే ఏదో ఒక ప్లగిన్ లాగ్ టేబుల్. ఆన్‌లైన్ దుకాణమైతే యాక్షన్‌షెడ్యూలర్ పేరుతో మొదలయ్యే టేబుల్స్ కూడా.

3. బ్యాకప్, అదీ సరైన చోట

డబ్ల్యూపీ డీబీ ఎక్స్‌పోర్ట్ అని ఊరికే కొడితే ఫైల్ మీరున్న ఫోల్డర్‌లోనే పడుతుంది. మీరున్నది సైట్ ఫోల్డర్. అంటే మీ యూజర్ల ఈమెయిల్స్, పాస్‌వర్డ్ హ్యాష్‌లు, ఆర్డర్ల వివరాలు అన్నీ ఉన్న ఫైల్ బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే దిగిపోయే చోట ఉన్నట్టు. కొత్త వెర్షన్లు ఫైల్ పేరు చివర ఊహించలేని అక్షరాలు చేరుస్తున్నాయి కానీ, దాని మీద భరోసా పెట్టుకోవద్దు. హోమ్ ఫోల్డర్‌లో వేరే చోటు చేసి అక్కడికే పంపండి:

డబ్ల్యూపీ డీబీ ఎక్స్‌పోర్ట్ - --సింగిల్-ట్రాన్సాక్షన్ | జీజిప్ > ~/బ్యాకప్/ముందు.ఎస్‌క్యూఎల్.జీజెడ్

ఎక్స్‌పోర్ట్ తర్వాత ఒంటరిగా ఉన్న గీతకు అర్థం, ఫైల్‌లో రాయకుండా నేరుగా బయటికి పంపమని. జీజిప్ దాన్ని కుదిస్తుంది. సింగిల్-ట్రాన్సాక్షన్ పెడితే ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో టేబుల్స్‌ను దాచే ఇంజిన్) టేబుల్స్‌కు తాళం పడదు. బ్యాకప్ నడుస్తుండగానే డెస్క్‌లో వార్తలు పెట్టుకోవచ్చు.

ఫైల్ తయారైంది కదా అని ఊరుకోకండి. దాని సైజు చూడండి, తర్వాత పరీక్ష సైట్‌లోకి తిరిగి ఎక్కించి చూడండి. పరీక్ష సైట్ ఫోల్డర్‌లో నిలబడి:

గన్‌జిప్ < ~/బ్యాకప్/ముందు.ఎస్‌క్యూఎల్.జీజెడ్ | డబ్ల్యూపీ డీబీ ఇంపోర్ట్ -

ఎక్కించాక అడ్రసులు మార్చాల్సి వస్తుంది. దానికి డబ్ల్యూపీ సెర్చ్-రీప్లేస్ వాడండి, ముందు --డ్రై-రన్ చేర్చి ఎన్ని చోట్ల మారతాయో చూసుకోండి. బ్యాకప్ ఫైల్‌ను ఎడిటర్‌లో తెరిచి పాత అడ్రస్ తీసి కొత్తది పెట్టే అడ్డదారి వద్దు. వర్డ్‌ప్రెస్ చాలా సెట్టింగులను సీరియలైజ్ చేసి, ప్రతి మాట పక్కన దాని పొడవును బైట్లలో రాసి దాస్తుంది. మాట మారి లెక్క మారకపోతే ఆ సెట్టింగ్ మొత్తం చదవడానికి పనికిరాదు. సెర్చ్-రీప్లేస్ ఆ లెక్కను కూడా సరిచేస్తుంది.

ఇంకో జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. శుభ్రం చేయాలన్న ఆలోచనతో కమాండ్ల జాబితా చూసేవాళ్లకు డబ్ల్యూపీ డీబీ క్లీన్ అన్న పేరు సహజంగానే ఆకర్షణగా కనిపిస్తుంది. అది చెత్త తీయదు. ప్రిఫిక్స్ ఉన్న టేబుల్స్ అన్నింటినీ డ్రాప్ చేస్తుంది, అంటే డేటాతో సహా తీసేస్తుంది. డీబీ రీసెట్ అయితే డేటాబేస్‌నే తీసేసి ఖాళీది సృష్టిస్తుంది. రెండూ నడిచే ముందు ఒకసారి అడుగుతాయి కానీ, --యెస్ చేర్చితే అదీ ఉండదు. ఈ వ్యాసంలో ఆ రెండింటితో పనే లేదు.

4. రివిజన్లు: తెలుగు సైట్లకు అసలు బరువు

పోస్ట్ సేవ్ చేసినప్పుడల్లా, శీర్షికలోనో వ్యాసంలోనో మార్పు ఉంటే, వర్డ్‌ప్రెస్ ఒక రివిజన్ దాస్తుంది. మారిన వాక్యం ఒక్కటే దాస్తుందనుకుంటే పొరపాటు, వ్యాసం మొత్తాన్నీ మళ్లీ ఇంకో వరుసగా రాసుకుంటుంది. ఎన్ని దాచాలన్న దానికి మామూలుగా హద్దు లేదు.

తెలుగులో ఇది ఇంకా భారం. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తుకు, సున్నకు కూడా విడిగా మూడేసి. తెలంగాణ అన్న మాటలో ఇలాంటివి ఏడున్నాయి కాబట్టి 21 బైట్లు. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో అయితే 9. ఓ మోస్తరు వార్తలో నాలుగు వేల గుర్తులు ఉంటాయనుకుంటే అది 12 కిలోబైట్లు. స్ట్రింగర్ పంపింది సబ్ ఎడిటర్ దిద్ది, శీర్షిక రెండుసార్లు మార్చి, సాయంత్రం దాకా తాజా వివరాలు చేరుస్తూ 25 సార్లు సేవ్ చేస్తే ఒక్క వార్తే 300 కిలోబైట్లు. అందులో పాఠకుడికి చేరేది ఆఖరి 12.

ముందు ఎన్ని ఉన్నాయో చూడండి:

డబ్ల్యూపీ పోస్ట్ లిస్ట్ --పోస్ట్_టైప్=రివిజన్ --ఫార్మాట్=కౌంట్

తీసేయడానికి ముందు ఇకపై పేరుకోకుండా హద్దు పెట్టండి:

డబ్ల్యూపీ కాన్ఫిగ్ సెట్ డబ్ల్యూపీ_పోస్ట్_రివిజన్స్ 5 --రా

ఇందులో డబ్ల్యూపీ_పోస్ట్_రివిజన్స్ అన్నది పూర్తిగా పెద్ద అక్షరాల్లో ఉండాలి. రా అన్నది లేకపోతే 5 అంకెగా కాక కొటేషన్లలో మాటగా చేరుతుంది. సున్నా పెట్టి రివిజన్లనే ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. బ్రౌజర్ మూసుకుపోయి సగం వ్యాసం పోయిన రాత్రి ఆ ఐదు కాపీలే దిక్కు.

అయితే ఈ హద్దు పాతవాటిని తుడవదు. ఏ పోస్ట్‌ను మళ్లీ సేవ్ చేస్తే దానికే వర్తిస్తుంది. 2019లో వచ్చిన వార్తను ఇప్పుడెవరూ తెరిచి దిద్దరు కాబట్టి దాని 25 కాపీలూ అలాగే ఉంటాయి. వాటిని మనమే తీయాలి. అన్నింటినీ ఒకేసారి తీసేయడం కన్నా ఏడాది చొప్పున వెళ్లడం మేలు:

డబ్ల్యూపీ పోస్ట్ లిస్ట్ --పోస్ట్_టైప్=రివిజన్ --ఇయర్=2019 --ఫార్మాట్=ఐడీస్ | ఎక్స్‌ఆర్గ్స్ -ఆర్ -ఎన్ 200 డబ్ల్యూపీ పోస్ట్ డిలీట్ --ఫోర్స్

ఎడమ సగం ఆ ఏటి రివిజన్ల నంబర్లను ఇస్తుంది. ఎక్స్‌ఆర్గ్స్ వాటిని 200 చొప్పున కట్టలు కట్టి కుడి సగానికి అందిస్తుంది. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే పద్ధతి వేరు: నంబర్లన్నీ డాలర్ గుర్తు, కుండలీకరణాల మధ్య పెట్టి ఒకే కమాండ్‌లో ఇవ్వడం. వందల్లో అయితే అదీ నడుస్తుంది. లక్షల్లోకి వెళితే ఆర్గ్యుమెంట్ లిస్ట్ చాలా పొడవుగా ఉందంటూ షెల్ మొరాయిస్తుంది. -ఆర్ ఎందుకంటే, ఆ ఏడాది రివిజన్లే లేకపోతే డిలీట్‌ను ఖాళీగా నడపకుండా ఊరుకోవడానికి. ఫోర్స్ తప్పనిసరి, ఎందుకంటే రివిజన్లకు చెత్తబుట్ట లేదు.

మెమరీ చాలడం లేదని ఆగిపోతే ఎడమ సగంలో --పోస్ట్స్_పర్_పేజ్=1000 చేర్చి, కౌంట్ సున్నా అయ్యేదాకా మళ్లీ మళ్లీ నడపండి. వేగం కావాలంటే రెండు వైపులా --స్కిప్-ప్లగిన్స్ --స్కిప్-థీమ్స్ పెట్టండి. ప్రతి కట్టకూ ప్లగిన్లన్నీ లోడ్ అయ్యే భారం తగ్గుతుంది. రివిజన్ల విషయంలో అది సురక్షితమే. మామూలు పోస్టులు తీసేటప్పుడు మాత్రం వద్దు, ఆ పోస్ట్‌కు సంబంధించి ప్లగిన్ తనవైపు చేయాల్సిన శుభ్రత జరగదు.

ఒక్క ఎస్‌క్యూఎల్ వాక్యంతో క్షణాల్లో అయిపోయే దానికి ఇంత తతంగం ఎందుకని అడగొచ్చు. నేరుగా పోస్ట్స్ టేబుల్‌లో వరుసలు తీసేస్తే వాటికి అంటుకున్న మెటా వరుసలు, వర్గాల లింకులు వెనకే మిగిలిపోతాయి. డబ్ల్యూపీ పోస్ట్ డిలీట్ వర్డ్‌ప్రెస్ సొంత దారిలో వెళ్లి వాటన్నింటినీ తీస్తుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోయే పనికి తొందరెందుకు?

5. చెత్తబుట్ట, స్పామ్

చెత్తబుట్టలోని పోస్టులను వర్డ్‌ప్రెస్ 30 రోజుల తర్వాత తానే తీసేస్తుంది. ఎవరూ పూర్తి చేయని ఆటో-డ్రాఫ్టులను 7 రోజుల తర్వాత తీస్తుంది. మీ సైట్‌లో ఏళ్లనాటి చెత్త కనిపిస్తే శుభ్రత అవసరమన్న దానికన్నా ముందు వర్డ్‌ప్రెస్ క్రాన్ (వేళకు చేయాల్సిన పనులను తానే నడిపే ఏర్పాటు) నడవడం లేదని అర్థం. డబ్ల్యూపీ క్రాన్ ఈవెంట్ లిస్ట్ కొట్టి చూడండి. గడువు దాటిన పనులు వరుసగా నిలబడి ఉంటే ముందు వాటిని నడపాలి:

డబ్ల్యూపీ క్రాన్ ఈవెంట్ రన్ --డ్యూ-నౌ

ఈ ఒక్క కమాండ్‌తోనే సగం శుభ్రత అయిపోయే సైట్లున్నాయి. మిగిలిన చెత్తబుట్టను ఇలా ఖాళీ చేయొచ్చు:

డబ్ల్యూపీ పోస్ట్ లిస్ట్ --పోస్ట్_టైప్=పోస్ట్,పేజ్ --పోస్ట్_స్టేటస్=ట్రాష్ --ఫార్మాట్=ఐడీస్ | ఎక్స్‌ఆర్గ్స్ -ఆర్ -ఎన్ 100 డబ్ల్యూపీ పోస్ట్ డిలీట్ --ఫోర్స్

కామెంట్ల సంగతి డబ్ల్యూపీ కామెంట్ కౌంట్ చెబుతుంది. స్పామ్ తీయడం ఇదే తీరు: డబ్ల్యూపీ కామెంట్ లిస్ట్ --స్టేటస్=స్పామ్ --ఫార్మాట్=ఐడీస్, తర్వాత ఎక్స్‌ఆర్గ్స్, తర్వాత డబ్ల్యూపీ కామెంట్ డిలీట్ --ఫోర్స్. తీసేముందు ఓ ఇరవై కామెంట్లు కళ్లతో చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు కామెంట్లు స్పామ్‌లో చిక్కుకుపోవడం మామూలే.

6. ట్రాన్సియెంట్లు

ప్లగిన్లు కొద్దిసేపు గుర్తుంచుకోవాల్సిన వాటిని, అంటే వాతావరణం, క్రికెట్ స్కోరు, వేరే సైట్ నుంచి తెచ్చిన ఫీడ్ లాంటివాటిని, గడువు తేదీతో ఆప్షన్స్ టేబుల్‌లో దాస్తాయి.

డబ్ల్యూపీ ట్రాన్సియెంట్ డిలీట్ --ఎక్స్‌పైర్డ్

2017 చివర్లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.9 నుంచి గడువు తీరినవి రోజూ వాటంతటవే పోతాయి, క్రాన్ సరిగ్గా నడిస్తే. ఎక్స్‌పైర్డ్ బదులు ఆల్ పెడితే అన్నీ పోతాయి. నష్టమేమీ లేదు కానీ తర్వాతి కొద్ది నిమిషాలు సైట్ వాటన్నింటినీ మళ్లీ తెచ్చుకోవాలి. ఎన్నికల ఫలితాల రోజున చేసే పని కాదు. రెడిస్ లాంటి ఆబ్జెక్ట్ క్యాష్ (డేటాను మెమరీలో సిద్ధంగా ఉంచే ఏర్పాటు) వాడే సైట్లలో ట్రాన్సియెంట్లు డేటాబేస్‌లో కాక ఆ క్యాష్‌లోనే ఉంటాయి కాబట్టి ఇక్కడ దొరికేది తక్కువే.

7. ఆటోలోడ్: వేగం అసలు ఇక్కడుంది

డేటాబేస్ 2 జీబీ నుంచి 600 ఎంబీకి దిగితే బ్యాకప్ త్వరగా అవుతుంది, డిస్క్ మిగులుతుంది. పేజీ తెరుచుకునే వేగం మాత్రం పెద్దగా మారకపోవచ్చు. ఇండెక్స్ ఉన్న టేబుల్‌లో పాత రివిజన్లు మూల కూర్చుంటే పాఠకుడికి అడ్డం రావు. వేగాన్ని రోజూ, ప్రతి పేజీకీ తినేది ఆటోలోడ్. ఆప్షన్స్ టేబుల్‌లో ఆటోలోడ్ గుర్తు ఉన్న ప్రతి వరుసనూ వర్డ్‌ప్రెస్ ప్రతి అభ్యర్థనకూ ముందుగానే మెమరీలోకి లాగుతుంది, ఆ పేజీకి అవసరమున్నా లేకున్నా.

డబ్ల్యూపీ ఆప్షన్ లిస్ట్ --ఆటోలోడ్=ఆన్ --ఫార్మాట్=టోటల్_బైట్స్

వచ్చే అంకె బైట్లలో ఉంటుంది. 2024 జులైలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.6 నుంచి సైట్ హెల్త్ పేజీ ఇది 8 లక్షల బైట్లు దాటితే హెచ్చరిస్తుంది. అదే వెర్షన్‌లో ఆటోలోడ్ గడిలోని విలువలు కూడా మారాయి: మునుపు యెస్, నో మాత్రమే ఉండేవి, ఇప్పుడు ఆన్, ఆఫ్, ఆటో లాంటివి చేరాయి. డబ్ల్యూపీ-సీఎల్‌ఐ పాతదైతే లెక్క తప్పొచ్చు. మొదట్లోనే అప్‌డేట్ చేయమన్నది ఇందుకే.

బరువైనవి ఏవో చూడటానికి:

డబ్ల్యూపీ ఆప్షన్ లిస్ట్ --ఆటోలోడ్=ఆన్ --ఫీల్డ్స్=ఆప్షన్_నేమ్,సైజ్_బైట్స్ --ఫార్మాట్=సీఎస్‌వీ | సార్ట్ -టీ, -కే2 -ఎన్ఆర్ | హెడ్ -20

ఈ ఇరవై పేర్ల మీద కాస్త సమయం పెట్టండి. పేరు ముందు భాగంలో ఏ ప్లగిన్‌దో తెలిసిపోతుంది. ఆ ప్లగిన్ ఇప్పుడు సైట్‌లో ఉందా? డబ్ల్యూపీ ప్లగిన్ లిస్ట్‌తో సరిచూడండి. ఎప్పుడో తీసేసిన ప్లగిన్ సెట్టింగ్ అయితే వెంటనే డిలీట్ చేయాల్సిన పనిలేదు. ముందు ఆటోలోడ్ ఆపేస్తే చాలు:

డబ్ల్యూపీ ఆప్షన్ సెట్-ఆటోలోడ్ ఆప్షన్_పేరు ఆఫ్

ఎవరైనా ఆ ఆప్షన్‌ను అడిగితే అది అప్పటికప్పుడు డేటాబేస్ నుంచి వస్తుంది, ఏదీ విరగదు. నెల గడిచాక కూడా ఎవరికీ అవసరం పడలేదనిపిస్తే డబ్ల్యూపీ ఆప్షన్ డిలీట్. రీరైట్_రూల్స్ అన్న పేరు జాబితాలో పైనే కనిపిస్తే కంగారు పడకండి. అది వర్డ్‌ప్రెస్‌కు రోజూ కావాల్సినదే, దాన్ని కదపొద్దు.

8. అనాథ మెటా, వదిలేసిన టేబుల్స్

పోస్ట్ పోయినా పోస్ట్‌మెటాలో దాని వరుసలు మిగిలిపోతే వాటిని అనాథ వరుసలంటాం. దీనికి ఎస్‌క్యూఎల్ తప్పదు. ముందు లెక్క మాత్రమే:

డబ్ల్యూపీ డీబీ క్వెరీ "సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ డబ్ల్యూపీ_పోస్ట్‌మెటా ఎం లెఫ్ట్ జాయిన్ డబ్ల్యూపీ_పోస్ట్స్ పీ ఆన్ పీ.ఐడీ = ఎం.పోస్ట్_ఐడీ వేర్ పీ.ఐడీ ఈజ్ నల్"

మీ ప్రిఫిక్స్ వేరైతే రెండు టేబుల్ పేర్లలోనూ మార్చండి. పీ.ఐడీలోని ఐడీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వచ్చిన అంకె వందల్లో ఉంటే వదిలేయండి. లక్షల్లో ఉంటే, బ్యాకప్ మరోసారి తీసుకుని, సెలెక్ట్ కౌంట్(*) ఉన్న చోట డిలీట్ ఎం అని మార్చి నడపండి.

పోస్ట్‌మెటాలో _డబ్ల్యూపీ_ఓల్డ్_స్లగ్ అన్న పేరుతో ఉండే వరుసలను మాత్రం చెత్త అనుకోవద్దు. పోస్ట్ లింకు మార్చినప్పుడు పాత లింకు అందులో ఉంటుంది. పాత లింకుతో వచ్చినవాళ్లను కొత్త చోటికి పంపేది అదే. తెలుగు లింకులు పెట్టే సైట్లకు ఇది ఇంకా ముఖ్యం. లింకులో ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులతో కలిసి 9 అక్షరాలవుతుంది. స్లగ్‌కు, అంటే లింకులో శీర్షిక ఉండే భాగానికి, ఉన్న చోటు 200 అక్షరాలు. అంటే 22 గుర్తుల తర్వాత శీర్షిక తెగిపోతుంది. ఆ మొండి లింకులు చూడలేక తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకున్న సైట్లు చాలా ఉన్నాయి. వాట్సాప్‌లో తిరిగే పాత లింకులు ఇప్పటికీ తెరుచుకుంటున్నాయంటే ఈ వరుసల పుణ్యమే.

తీసేసిన ప్లగిన్ల టేబుల్స్ విషయంలో ఒక పద్ధతి పాటించండి: డ్రాప్ చేయకుండా, రీనేమ్ టేబుల్‌తో పేరు ముందు జెడ్‌జెడ్_ చేర్చి రెండు వారాలు వదిలేయండి. ఏదైనా విరిగితే పేరు మళ్లీ మార్చడం ఒక్క క్షణం పని. ఆన్‌లైన్ దుకాణాల్లో యాక్షన్ షెడ్యూలర్ (వెనకాల నడిచే పనులను వరుసలో పెట్టేది) టేబుల్స్ ఉబ్బితే డబ్ల్యూపీ యాక్షన్-షెడ్యూలర్ క్లీన్ ఉంది. ఇది మాత్రం పేరుకు తగ్గట్టే పాత, పూర్తయిన పనులను తీస్తుంది.

9. ఆప్టిమైజ్ ఎప్పుడు?

వరుసలు తీసేసినా డిస్క్ మీద ఫైల్ చిన్నదవదు. ఇన్నోడీబీ ఆ ఖాళీని తన దగ్గరే ఉంచుకుని కొత్త వరుసలకు వాడుకుంటుంది. ఆ చోటు సర్వర్‌కు తిరిగి ఇప్పించాలంటే:

డబ్ల్యూపీ డీబీ ఆప్టిమైజ్

ఇన్నోడీబీ టేబుల్స్‌కు ఇది ఆప్టిమైజ్ కుదరదు, దాని బదులు రీక్రియేట్, అనలైజ్ చేస్తున్నానని ఒక నోట్ చూపిస్తుంది. ఎర్రర్ కాదు, టేబుల్‌ను కొత్తగా కట్టి పాతదాన్ని తీసేస్తుందన్నమాట. కాబట్టి పెద్ద టేబుల్ ఎంత ఉందో దాదాపు అంత ఖాళీ డిస్క్ మీద ముందే ఉండాలి. డీఎఫ్ -హెచ్ కొట్టి చూసుకోండి. 95 శాతం నిండిన డిస్క్ మీద దీన్ని నడపడమంటే సర్వర్‌ను చేతులారా నిలిపేసుకోవడమే.

దీన్ని రోజూ నడిపే అలవాటు నాకు అర్థం కాదు. పెద్ద ఎత్తున తీసేసిన తర్వాత ఒకసారి, ఆపైన కొన్ని నెలలకోసారి చాలు. ఇక డబ్ల్యూపీ డీబీ రిపేర్ మైఐసామ్ అనే పాత ఇంజిన్ టేబుల్స్ కోసం పుట్టింది, ఇన్నోడీబీ మీద పనిచేయదు. డీబీ చెక్‌లో ఇన్నోడీబీ టేబుల్ చెడినట్టు తేలితే బ్యాకప్ వైపే చూడాలి.

ఈ సమయంలో సైట్‌ను మూసి ఉంచాలనుకుంటే డబ్ల్యూపీ మెయింటెనెన్స్-మోడ్ యాక్టివేట్ ఉంది. అయితే దాని ప్రభావం పది నిమిషాలే. తర్వాత వర్డ్‌ప్రెస్ తనంతట తానే సైట్ తెరిచేస్తుంది.

సొంత సర్వర్ ఉన్నవాళ్లకు ఒక వింత ఎదురవుతుంది: జీబీలకొద్దీ తీసేశాక డిస్క్ ఖాళీ పెరగకపోగా తగ్గుతుంది. మైఎస్‌క్యూఎల్ 8లో బైనరీ లాగ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. మీరు తీసిన ప్రతి వరుసా అందులో నమోదవుతుంది, 30 రోజులు ఉంటుంది. కొంత కాలానికి అదే సర్దుకుంటుంది. ఆ ఫైళ్లను చేత్తో డిలీట్ చేయకండి.

10. క్రాన్‌కు అప్పగించడం

ఇప్పటిదాకా చేసిన వాటిలో తానే నడవదగ్గవి బ్యాకప్, గడువు తీరిన ట్రాన్సియెంట్లు, చెత్తబుట్ట, స్పామ్. ఆటోలోడ్, అనాథ మెటా, టేబుల్స్ డ్రాప్ చేయడం మనిషి చూసి చేయాల్సినవి, వాటిని స్క్రిప్టులో పెట్టకండి. స్పామ్ కూడా, కళ్లతో చూడాలనుకునేవాళ్లు వదిలేయొచ్చు.

బ్యాష్ స్క్రిప్టు మొదటి గీత కింద ఇది ఉండాలి:

సెట్ -ఈఓ పైప్‌ఫెయిల్

ఇందులోని -ఈ వల్ల ఏ కమాండ్ విఫలమైనా స్క్రిప్టు అక్కడే ఆగుతుంది, అంటే బ్యాకప్ రాకపోతే ఏదీ డిలీట్ కాదు. పైప్‌ఫెయిల్ లేకపోతే ఈ రక్షణ ఉత్తదే. ఎక్స్‌పోర్ట్ చతికిలబడినా, పైప్ అవతల జీజిప్ ఖాళీ ఫైల్‌ను విజయవంతంగా కుదించి అంతా బాగుందని చెబుతుంది.

ఆ తర్వాత సీడీతో సైట్ ఫోల్డర్‌లోకి వెళ్లి, మూడో మెట్టులోని బ్యాకప్ కమాండ్‌ను ఫైల్ పేరులో తేదీతో రాయండి, దాని కింద తుడిచే కమాండ్లు. క్రాన్‌కు మీ పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) తెలియదు కాబట్టి డబ్ల్యూపీ అని ఊరికే కాకుండా /యూఎస్ఆర్/లోకల్/బిన్ నుంచి పూర్తి దారి రాయాలి. చివర్లో ఫైండ్‌తో రెండు వారాలు దాటిన బ్యాకప్‌లు తీసేయండి. మీ సైట్‌లో మార్పులు తక్కువైతే నెల ఉంచండి. ఒక కాపీ మాత్రం వేరే సర్వర్‌కో, క్లౌడ్ నిల్వకో వెళ్లాలి.

సమయం దగ్గర తేడా పడేవాళ్లు ఎక్కువ. చాలా సర్వర్లు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తాయి. మనకు ఆదివారం తెల్లవారుజామున 3:30 అంటే అక్కడ శనివారం రాత్రి 22:00. కాబట్టి సర్వర్ క్రాన్‌లో పెట్టే వరుసలో గంట మాత్రమే కాదు, వారం కూడా మార్చాలి:

0 22 * * 6 /హోమ్/యూజర్/శుభ్రత.ఎస్‌హెచ్ >> /హోమ్/యూజర్/శుభ్రత.లాగ్ 2>&1

అమెరికాలోని తెలుగువాళ్లు ఎక్కువగా చదివే సైట్ అయితే మన తెల్లవారుజాము వాళ్లకు సాయంత్రం, అదే రద్దీ వేళ. మీ ట్రాఫిక్ గ్రాఫ్ చూసి గంట ఎంచుకోండి. తేదీని స్క్రిప్టులో కాక నేరుగా ఈ వరుసలోనే రాయాలనుకుంటే శాతం గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ (వెనక్కి వాలిన గీత) పెట్టాలి. క్రాన్‌కు ఒంటరి శాతం గుర్తు అంటే కొత్త పంక్తి, కమాండ్ అక్కడే తెగిపోతుంది.

మొదటి రెండు వారాలు సోమవారం పొద్దున ఆ లాగ్ ఫైల్ తెరిచి చదవండి. పక్కనే బ్యాకప్ ఫైళ్ల సైజులు వరుసగా చూడండి. గత వారం కన్నా ఒక్కసారిగా సగానికి పడిపోతే, క్రాన్‌ను వెంటనే ఆపి, పాత బ్యాకప్‌లు తుడిచిపెట్టుకుపోకముందే ఏ టేబుల్ తగ్గిందో రెండో మెట్టులోని సైజ్ కమాండ్‌తో వెతకండి.